దారి చూపేవాళ్ళు చల్లగా ఉండాలి!

కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకు దారీ తెన్నూ తెలియడం లేదని, ఆదుకునే నాథుడే లేడని ఈ మధ్య కొందరు గోల పెడుతున్నారు. ఇంతకన్నా అన్యాయమైన మాట ఇంకొకటి ఉంటుందా? నాథుడు లేకపోవడమేమిటండీ! దోహాలో నాకు తెలిసిన ఒక కమ్యూనిటీ కాలేజీలో నాథులు ఎంతమంది ఉన్నారంటే, వాళ్ళందరినీ దాటుకుని క్లాసులోకి వెళ్ళడమే ఒక పెద్ద పని.

కాలేజీ పేరు చెప్పను. చెబితే మీరంతా ఎగబడి చేరిపోతారు. ఉన్న పిల్లలకే సీట్లు చాలడం లేదు.

నా వాదన చాలా చిన్నది. కొత్త విద్యార్థికి సాయం చేసేవాళ్ళు ఎంతమంది ఉంటే అంత మంచిది. వాళ్ళ సాయంతో పని జరిగిందా లేదా అన్నది చిల్లర విషయం. పని జరగడం ముఖ్యమా, పదిమంది మనల్ని చూసి నవ్వడం ముఖ్యమా? మీరే చెప్పండి!

ఈ సంగతి మాట్లాడే అర్హత నాకు ఉంది. ‘ఖతార్ తెలుగు విద్యా మార్గదర్శి’ అనే వాట్సాప్ గ్రూపుకు నేను అడ్మిన్‌ని. ఆ కాలేజీ గేటు లోపల నేను ఏనాడూ అడుగు పెట్టలేదు. లోపలికి వెళ్ళివచ్చినవాడికి ఒక్క దారే తెలుస్తుంది. నాబోటివాడు ఎన్ని దారులైనా చెప్పగలడు. అందుకే ఆ కాలేజీ వాళ్ళు కూడా నన్ను తమ సలహాసంఘంలో వేసుకున్నారు.

అసలు గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు ఈ విద్య ఒంట్లోనే ఉంది. దోహాలో ఎవరినైనా ఆపి దారి అడగండి, తెలియదని చెప్పేవాడు దొరకడు. ‘ఫలానా రౌండబౌట్ దగ్గర లెఫ్ట్ కొట్టి సీదా పో’ అంటాడు. ఆ రౌండబౌట్ తీసేసి సిగ్నల్ పెట్టి ఏళ్ళయింది. లెఫ్ట్ ఉండాల్సిన చోట ఫ్లైఓవర్ వచ్చింది. అయితేనేం? అడిగినవాడిని ఉత్త చేతులతో పంపలేదు కదా! పది కిలోమీటర్లు అవతలికి పోయి అతను తిట్టుకున్నా అది మన చెవిన పడదు.

ఇక ఫర్హా సంగతికి వస్తాను. నా వాదనకు ఆ పిల్లే సాక్ష్యం.

ఫర్హా దోహా పక్కనున్న అల్ వక్రాలో ఉండే బుర్హానుద్దీన్ కూతురు. బుర్హానుద్దీన్‌ది కోరుట్ల. ఒక కంపెనీలో చాలా ఏళ్ళుగా డ్రైవర్. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, మనసు కదిలితే తెలుగు మాట్లాడతాడు, సిగ్నల్ దగ్గర అరబ్బీ మాట్లాడతాడు. భార్య జహనారాకు షుగర్. చిన్నప్పటి నుంచి రోజూ పొద్దున్నే తల్లి వేలికి సూది గుచ్చి నంబరు చూసి చెప్పేది ఫర్హాయే. ఆ చుక్క రక్తంలో ఇంత సమాచారం ఎలా ఉంటుందా అని ఆ పిల్లకు ఆశ్చర్యం. స్కూలు అయిపోగానే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతానంది. రెండేళ్ళ డిప్లొమా. పట్టుబట్టి పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది.

ఇంకొక్కటే మిగిలింది. కోర్సు అడ్వైజర్ ఆమె సబ్జెక్టులు చూసి, తన కంప్యూటర్లో ఆమోదం నొక్కాలి. ఆ గురువారం కాలేజీ మూసేలోగా నొక్కకపోతే సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు వెళ్ళిపోతుంది. ఫర్హా డిప్లొమాకు ముందుండే ఫౌండేషన్ కోర్సు ఒక ఏడాది చదివి మళ్ళీ మొదటి నుంచి వరుసలో నిలబడాలి.

ఏడాదే కదా అంటారేమో. బుర్హానుద్దీన్‌కు కంపెనీ ఇంకా రెండేళ్ళే పని ఇస్తానని చెప్పేసింది. ఆ తర్వాత ఆయన వీసా పోతుంది, ఆయన వెనకే భార్యాబిడ్డల వీసాలూ పోతాయి, అందరూ కోరుట్లకు ప్రయాణం కట్టాల్సిందే. రెండేళ్ళ చదువు, రెండేళ్ళ గడువు. మధ్యలో ఇంకో ఏడాది ఇరికించడానికి సందు లేదు.

ఆదివారం పొద్దున బుర్హానుద్దీన్ కూతురిని కాలేజీ గేటు దగ్గర దింపాడు. ఆగస్టు ఎండ అప్పటికే మాడు పగలగొడుతోంది.

“దిగు బేటా. ఎవల్నన్న అడుగు, చెప్తరు. ఇంకో ముచ్చట యాదికి పెట్టుకో. పరాయి దేశం ఇది. ఎవల మీద కంప్లైంట్ గింప్లైంట్ చెయ్యకు. మంచిగ నవ్వి షుక్రన్ చెప్పి వచ్చెయ్” అన్నాడు.

“సరే అబ్బా” అంది ఫర్హా.

ఎంత చక్కటి పెంపకం! ఇలాంటి పిల్లలు ఉండబట్టే కదా సంస్థలు వర్ధిల్లుతున్నాయి.

గేటు దాటగానే ఊదారంగు పట్టీ భుజానికి వేసుకున్న ఒక అబ్బాయి ఎదురొచ్చాడు. పట్టీ మీద ‘అడగండి, మేమున్నాం!’ అని రాసి ఉంది. వీళ్ళను నావిగేటర్లు అంటారు. అడ్వైజర్ ఎక్కడుంటారని ఫర్హా అడిగింది. అతను ఎంత సంతోషించాడో! మంచినీళ్ళ సీసా ఇచ్చాడు, ఆమె నంబరు స్కాన్ చేశాడు, బి బ్లాకులో ఉన్న సహాయకేంద్రానికి వెళ్ళమన్నాడు. బి బ్లాకులో మరో పట్టీ అమ్మాయి ఇంకో మంచినీళ్ళ సీసా ఇచ్చి, ఏ బ్లాకులో ఉన్న స్వాగతకేంద్రాన్ని అడగమంది. స్వాగతకేంద్రం వాళ్ళు టోపీ ఇచ్చి, గేటు దగ్గర ఉండే అబ్బాయికి అన్నీ తెలుసని చెప్పారు.

మధ్యాహ్నానికి ఫర్హా దగ్గర ఐదు సీసాల నీళ్ళు, రెండు టోపీలు, ఒక గుడ్డ సంచీ ఉన్నాయి. అడ్వైజర్ మాత్రం లేడు. అయినా చూడండి, ఆ ఎండలో అంత తిరిగినా ఆ పిల్లకు దాహం వేసిందా? ఇది కాదా విద్యార్థి సంక్షేమం!

మనుషులతో మొహమాటపడేవాళ్ళ కోసం ఫోన్లో ఒక యంత్రసహాయకుడిని కూడా పెట్టారు. పేరు దలీల్. అరబ్బీలో దలీల్ అంటే దారి చూపేవాడు. ‘అడ్వైజర్‌ను ఎలా కలవాలి?’ అని ఫర్హా టైపు చేసింది. ‘మంచి ప్రశ్న! ఈ విషయంలో మరిన్ని వివరాలకు మీ అడ్వైజర్‌ను కలవండి’ అని దలీల్ జవాబిచ్చాడు. తప్పేముంది? అబద్ధం ఆడలేదు కదా.

‘క్యాంపస్‌లో దారి కనుక్కోవడం ఎలా?’ అని సోమవారం ఒక వర్క్‌షాప్ కూడా జరిగింది. అది ఏ గదిలో జరుగుతోందో కనుక్కోలేక పిల్లలెవరూ రాలేదు. వచ్చినవాళ్ళంతా నావిగేటర్లే. సభ దిగ్విజయంగా ముగిసిందని ఫొటోలతో సహా ప్రకటించారు. ఫొటోలు నేనూ చూశాను, సమోసాలు బాగానే ఉన్నట్టున్నాయి.

ఆ రాత్రి బుర్హానుద్దీన్ నాకు ఫోన్ చేశాడు. “సార్, పొల్ల రెండు దినాల సంది తిరుగుతున్నది. మీకు ఎవలన్న ఎరుకేనా?” అన్నాడు. నేను వెంటనే రంగంలోకి దిగాను. గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను.

మన జనం స్పందించిన తీరు చూస్తే మీ కళ్ళు చెమర్చేవి. తన తోడల్లుడు అక్కడే చదివాడని, అప్పట్లో ఆఫీసు గ్రౌండ్ ఫ్లోర్లో ఉండేదని అల్ ఖోర్ నుంచి ఒకాయన రాశాడు. అప్పట్లో ఆ బిల్డింగే లేదని ఇంకొకాయన రాశాడు. ఈ ఇద్దరికీ పడక అర్ధరాత్రి దాకా వాదించుకున్నారు. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో ఉండే జలంధర్, పాపం సైట్ డ్యూటీ చేసి అలసిపోయి కూడా, దణ్ణం పెట్టే బొమ్మలు వరుసగా నింపాడు. కోరుట్ల నుంచి ఫర్హా మేనమామ సమద్ మాత్రం ఉత్సాహంగా వాయిస్ మెసేజ్ పంపాడు. “దుబాయ్‌ల కాలేజీనా? ఫికర్ చెయ్యకు బావా, నా దోస్త్ ఒకడు మస్కట్‌ల ఉన్నడు” అని. వీటన్నిటినీ నేను ఓపికగా బుర్హానుద్దీన్‌కు ఫార్వర్డ్ చేశాను. నా వంతు సాయం నేను చేశానన్న తృప్తితో పడుకున్నాను.

ఇక్కడ ఒక ముఖ్యమైన సదుపాయం గురించి చెప్పాలి. ఆ కాలేజీలో ప్రతి సాయం కౌంటర్ దగ్గరా ఒక చిన్న తెర ఉంటుంది. దాని మీద మూడు ముఖాలు. ఆకుపచ్చది నవ్వుతూ ఉంటుంది, పసుపుపచ్చది మూతి బిగించుకుని ఉంటుంది, ఎర్రది ఏడుస్తూ ఉంటుంది. ‘మీ సమస్య తీరిందా?’ అని అడుగుతుంది. విమానాశ్రయంలో బాత్రూముల బయట మీరు చూసే ఉంటారు.

సాయం చేసిన నావిగేటర్ ఎదురుగానే నిలబడి, చేతులు కట్టుకుని, మీ వేలినే చూస్తూ ఉంటాడు.

ఆదివారం ఫర్హా వేలు మొదటిసారి ఎర్రముఖం దాకా వెళ్ళింది. ఎదురుగా ఉన్నది ఫిలిప్పీన్స్ అమ్మాయి. పొద్దుటి నుంచి నిలబడి ఉంది, చెప్పులు కరిచి మడమ దగ్గర చర్మం లేచింది. ఈ ఎర్రముఖం వల్ల ఆ పిల్ల ఉద్యోగానికి ఏమన్నా అవుతుందేమో! నాన్న చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది. ఫర్హా ఆకుపచ్చ ముఖం నొక్కి, నవ్వి, షుక్రన్ చెప్పి వచ్చేసింది. ఆ తర్వాత ప్రతి కౌంటర్ దగ్గరా అదే చేసింది. ఎర్రది నొక్కడం మనవాళ్ళెవరికీ చేత కాదు. క్యాంపులో పప్పు మాడినా ‘అంతా మంచిగుంది’ అనే అలవాటు మనది. గల్ఫ్‌లో నోరెత్తినవాడి గతి ఏమవుతుందో చూసి నేర్చుకున్న మర్యాద అది.

బుధవారం నాడు ఎవరినీ అడగకుండా ఫర్హా మెట్లెక్కి ఒక్కో తలుపూ చదువుకుంటూ వెళ్ళింది. మూడో అంతస్తు చివర అడ్వైజర్ గది దొరికింది. తలుపు తీసే ఉంది, లైటు వెలుగుతోంది, కంప్యూటర్ ఉంది, కుర్చీ ఉంది. కుర్చీలో మనిషి లేడు. తలుపు మీద ఒక చీటీ అంటించి ఉంది.

‘మీకు సాయం చేయడానికి బయటికి వెళ్ళాను.’

పక్కగదిలో ఆరా తీస్తే తెలిసింది. కాలేజీలో ఎవరైనా చేరాలనుకుంటే వాళ్ళకు దారి తెలియాలి కదా! అందుకని ఊళ్ళో ఒక పెద్ద మాల్‌లో బూత్ పెట్టి, అడ్వైజర్‌ను అక్కడ కూర్చోబెట్టారు. స్వాగతోత్సవాలు అయ్యేదాకా ఆయన అక్కడే.

గురువారం పొద్దున్నే ఫర్హా అల్ వక్రాలో మెట్రో ఎక్కి మాల్‌కు వెళ్ళింది. బూత్‌లో బెలూన్ల మధ్య అడ్వైజర్ సత్యనారాయణ కూర్చుని ఉన్నారు. రాజమండ్రి మనిషి. నెమ్మదస్తుడు. ఆయన భుజం మీద కూడా ఊదారంగు పట్టీ ఉంది.

“నమస్తే సార్. నా పేరు ఫర్హా. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. మీ ఆమోదం కావాలె. ఇయ్యాలే లాస్ట్.”

“తెలుగమ్మాయివా! ఎంత సంతోషమమ్మా! కూర్చో, కూర్చో. ఇదిగో ఈ పెన్ను తీసుకో, ఈ సంచీ తీసుకో.”

“సంచులు ఉన్నయి సార్. ఆమోదం...”

ఆయన చేతిలోని ట్యాబ్‌లో ఆమె నంబరు కొట్టి చూశారు. కనుబొమలు పైకి లేచాయి.

“నీ సమస్య ఎప్పుడో తీరిపోయింది కదమ్మా! ఆదివారం తీరింది, సోమవారం తీరింది, మంగళవారం అయితే నాలుగుసార్లు తీరింది. ఇన్నిసార్లు తీరిన సమస్యని నా సర్వీసులోనే చూడలేదు.”

“తీరలే సార్! వాళ్ళు ఎదురుంగ నిలబడ్డరని మర్యాదకు పచ్చది ఒత్తిన!”

సత్యనారాయణ గారి ముఖంలో నవ్వు పోయింది. “అయ్యో తల్లీ. పచ్చది నొక్కితే నీ అర్జీ అక్కడికక్కడే మూసేస్తుంది. ఇంక నా దాకా రాదు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, నీ పేరు నా దాంట్లో కనబడనే లేదు.”

“మళ్ళ తెరవున్రి సార్.”

“తెరవాలంటే ఆఫీసు కంప్యూటర్ మీదే తెరవాలమ్మా. దీని మీద కుదరదు.”

“టాక్సీ పిలుస్త సార్. పోయి వద్దాం. మళ్ళ నేనే తెచ్చి దింపుత.”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “బూత్ వదిలితే మెమో ఇస్తారమ్మా. ఇది కొత్తగా చేరబోయేవాళ్ళ కోసం పెట్టిన డ్యూటీ. నువ్వు చేరిపోయినదానివి, నీకోసం లేచి వచ్చానని తెలిస్తే ఊరుకోరు. ఒకప్పుడు ఇద్దరం అడ్వైజర్లం ఉండేవాళ్ళం. రెండో ఆయన్ని పంపించేసి, ఆ జాగాలో నావిగేటర్లని పెట్టారు. నన్నేమో ఇక్కడ పెట్టారు. ఏం చెయ్యమంటావు చెప్పు.”

ఏం చేయమంటుంది? ఆయన కళ్ళలో భయం ఫర్హాకు బాగా తెలిసిన భయమే. ఇంట్లో రోజూ చూస్తున్నదే. ఆయన ఆమె వైపు చూడలేక బెలూన్లు సర్దుకున్నారు. మధ్యాహ్నం కాలేజీ మూశారు. సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు వెళ్ళిపోయింది.

అల్ వక్రాకు తిరిగొచ్చే మెట్రోలో ఫర్హా కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. ఎదుటి సీట్లోని ఆవిడ జాలిపడి ఒక నీళ్ళ సీసా అందించింది. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

సాయంత్రం బుర్హానుద్దీన్ డ్యూటీ నుంచి వచ్చాడు. జహనారా అంతా చెప్పింది. ఆయన కారు తాళాలు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

“ఎర్రది ఒత్తకపోయినవా బిడ్డా?”

“నువ్వే వద్దన్నవ్ గదా అబ్బా.”

ఆయన తాళాలు బల్ల మీద పెట్టాడు. “అవు. నేనే అన్న” అని మాత్రం అన్నాడు. ఇన్నేళ్ళూ ఎవరి మీదా పల్లెత్తు మాట అనకుండా, తలవంచుకుని ఆ దేశంలో నెట్టుకొచ్చినవాడు. కూతురికి తను ఇవ్వగలిగిన జాగ్రత్త అదొక్కటే ఉంటే అదే ఇచ్చాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇక్కడ నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటే అది ఏసీ వల్ల. మళ్ళీ వాదనలోకి వస్తున్నాను.

సీటు పోయిందని కాలేజీ ఫర్హాను వదిలేసిందా? లేదు! ఫౌండేషన్ క్లాసులో చేరిన వారానికే ఆమెకు అభినందనలు వచ్చాయి. ఆ సెమిస్టర్‌లో అందరికన్నా ఎక్కువ సాయం పొందిన విద్యార్థిని ఆమేనట. అన్ని కేంద్రాలూ సందర్శించి, అన్నిచోట్లా సంతృప్తి వెలిబుచ్చిన రికార్డు ఇంతవరకూ ఎవరికీ లేదట. స్టేజీ మీదికి పిలిచి చప్పట్లు కొట్టారు. గేటు పక్కన నిలువెత్తు ఫొటో పెట్టారు. కింద ‘దారి దొరికింది!’ అని రాశారు. ఫొటోలో ఆమె నవ్వుతున్నట్టే ఉంటుంది, దూరం నుంచి చూస్తే.

అంతటితో ఆగలేదు. క్యాంపస్‌లో ప్రతి మూలా తెలిసిన పిల్ల కాబట్టి ఆమెనే నావిగేటర్‌గా వేశారు. ఊదారంగు పట్టీ ఇచ్చి శిక్షణ ఇచ్చారు. శిక్షణలో మూడే సూత్రాలు. నవ్వుతూ ఉండాలి. తెలియదనకూడదు. నిలబడిన చోటు వదిలి వెళ్ళకూడదు. ఎంత గొప్ప సూత్రాలో చూడండి! వీటితో ఒక కాలేజీనే కాదు, దేశాన్నే నడపొచ్చు.

జనవరిలో కొత్త సెమిస్టర్ మొదలైంది. గేటు లోపల ఫర్హా నిలబడి ఉంది. అల్ ఖోర్ బస్సు దిగి ఒకావిడ పరుగులాంటి నడకతో వచ్చింది. పేరు మాలతి. జగిత్యాల వైపు మనిషి. భర్త గ్యాస్ ప్లాంటులో పని చేస్తాడు. పెళ్ళితో ఆగిపోయిన చదువును పదేళ్ళ తర్వాత మళ్ళీ పట్టుకుని, అకౌంట్స్ కోర్సులో సీటు తెచ్చుకుంది. బిడ్డను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి వచ్చింది.

“చెల్లె, తెలుగు వస్తదా నీకు? అడ్వైజర్ ఏడుంటడే? ఇయ్యాల ఆయన ఆమోదం ఒత్తకుంటే నా సీటు పోతదట. రేపు మళ్ళ రానియ్యరు ఇంట్ల.”

బి బ్లాకు వైపు చూపించడానికి ఫర్హా చెయ్యి లేచింది. శిక్షణ అలాంటిది. అందులో సందేహం లేదు, చెయ్యి దానంతట అదే లేస్తుంది. మాలతి అప్పుడే అటు తిరిగి రెండడుగులు వేసింది కూడా.

“ఆగక్కా” అంది ఫర్హా. “ఆయన రూము మూడో ఫ్లోర్‌ల ఉంటది. ఉన్నడో లేడో నాకు తెల్వది. పా, ఇద్దరం పోయి చూద్దాం.”

పట్టీ తీసి సంచీలో కుక్కింది. నడిచేసింది!

ఒకేసారి ఎన్ని నేరాలు చేసిందో గమనించారా? తెలియదంది. చోటు వదిలింది. నవ్వను కూడా నవ్వలేదు.

పైన కుర్చీ ఖాళీగానే ఉంది. సత్యనారాయణ గారు మళ్ళీ మాల్‌లోనే ఉన్నారు. ఫర్హా గుమ్మానికి ఎదురుగా కారిడార్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“కూసో అక్కా. ఆయన వచ్చేదాక లేవద్దు.”

“ఏమన్న అంటరేమో చెల్లె?”

“అననీ. నేనుంట నీతోని.”

మాలతి బెదురుతూనే కూర్చుంది. కాసేపటికి టిఫిన్ డబ్బా తీసింది. అటుగా వచ్చిన మరీహా అనే హైదరాబాద్ అమ్మాయి వీళ్ళు ఎందుకు కూర్చున్నారో అడిగి, తనకూ అదే పని అని పక్కన చేరింది. ఆ తర్వాత ఒక నేపాలీ అబ్బాయి, ఇద్దరు సూడాన్ అక్కచెల్లెళ్ళు, ఒక కేరళ నర్సు. ఎవరూ నినాదాలు చేయలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. మాలతి తెచ్చిన సర్వపిండి తలా ఒక ముక్క తింటూ ఊరికే కూర్చున్నారు. మధ్యాహ్నానికి కారిడార్లో కాలు పెట్టడానికి చోటు లేదు. సెక్యూరిటీ వచ్చాడు. నావిగేటర్లు వచ్చి నీళ్ళ సీసాలు పంచారు. అందరూ తీసుకున్నారు, ఎవరూ లేవలేదు.

చివరికి డీన్ గారు ఎవరికో ఫోన్ చేశారు. మాల్‌కు కారు వెళ్ళింది. కాసేపట్లో సత్యనారాయణ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, తన కుర్చీలో తాను కూర్చున్నారు. మాలతి సబ్జెక్టులు చూశారు, ఆమోదం నొక్కారు. ఒక్కొక్కరికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? మీరు చాయ్‌లో చక్కెర కలుపుకునేంత. పిల్లలంతా లేచి ఇళ్ళకు వెళ్ళిపోయారు. మాలతి మెట్ల దగ్గర ఫర్హా రెండు చేతులూ పట్టుకుని ఊపి, బస్సుకు ఆలస్యమవుతోందని పరుగెత్తింది.

అందరూ వెళ్ళాక సత్యనారాయణ గారు ఫర్హాను లోపలికి పిలిచారు. ఆమె నంబరు కొట్టి, తెరను ఆమె వైపు తిప్పారు.

“నీ సీటు నిండిపోయిందమ్మా. ఇప్పుడు నేను నొక్కినా పడదు.”

“ఎరుకే సార్” అంది ఫర్హా.

మర్నాడే ఆమెకు మెమో వచ్చింది. పట్టీ వెనక్కి తీసుకున్నారు. ఆ మెమోను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కారిడార్లో కూర్చున్నవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఏ ముఖమూ నొక్కకుండా వెళ్ళిపోయారు. దాంతో ఆ రోజు సాయం పొందినవారి సంఖ్య సున్నా అని నమోదైంది. కాలేజీ పరువు ఏం కావాలి?

అసలు ప్రమాదం అది కూడా కాదు. మూడో అంతస్తులో ఒక మనిషి రోజూ వచ్చి తన కుర్చీలో తాను కూర్చోవడం మొదలుపెట్టాడనుకోండి. పిల్లలు నేరుగా వెళ్తారు, పని చేయించుకుంటారు, క్లాసుకు పోతారు. అప్పుడు కింద ఇంతమంది పట్టీలు వేసుకుని ఎవరికి దారి చూపాలి? దలీల్ ఎవరితో కబుర్లు చెప్పుకోవాలి? నా గ్రూపులో నేను ఏం ఫార్వర్డ్ చేయాలి? ఒక్క కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి ఇన్ని కుటుంబాలను రోడ్డున పడేస్తారా?

ఫర్హా ఫౌండేషన్ బాగానే చదువుతోందని విన్నాను. వచ్చే ఏడు సీటు మళ్ళీ వస్తుంది, సందేహం లేదు. కాకపోతే డిప్లొమాకు రెండేళ్ళు కావాలి, అప్పటికి బుర్హానుద్దీన్ వీసాకు మిగిలేది ఒక్క ఏడాది. ఆ తక్కువపడిన ఏడాది సంగతేమిటని ఆయన మొన్న డీన్ గారిని అడిగాడట. బతుకులో మొదటిసారి ఒక పెద్దమనిషి ముందు గొంతు పెంచి అడిగాడని సత్యనారాయణ గారు చెప్పారు.

కాలేజీ తక్షణమే స్పందించింది. ఆ ఏడాది ఫర్హాకు ఎలా సమకూర్చాలో పరిశీలించడానికి ప్రత్యేక సహాయకమిటీ వేసింది. అధ్యక్షుడిని నేనే. ఒక హోటల్లో జరిగిన మొదటి సమావేశంలో సమోసాలు తిని, విషయాన్ని కూలంకషంగా చర్చించి, నివేదిక ఇవ్వడానికి మాకు ఎంత గడువు కావాలో ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఒక ఏడాది.